బడి సైకాలజిస్టుకు అంత చదువెందుకు?

తణుకులో మావాళ్లు తరచూ అడుగుతుంటారు: పిల్లలకు పరీక్షలు పెట్టి నివేదిక రాయడానికి అమెరికాలో అన్నేళ్ల చదువు దేనికని. ఆ చదువు అంత కఠినంగా మారడం వెనక బాధపడ్డ పిల్లలున్నారు. అందుకే కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

1896లో ఫిలడెల్ఫియాలో మార్గరెట్ మగ్వైర్ అనే పంతులమ్మ, స్పెల్లింగ్ ఎంతకీ పట్టుబడని ఒక పిల్లవాణ్ణి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని లైట్నర్ విట్మర్ దగ్గరికి తీసుకొచ్చింది. అతని ఇబ్బందికి చూపులోని లోపం కూడా ఒక కారణమని విట్మర్ గుర్తించాడు. ఆ ఏడాదే అక్కడ సైకాలజీ క్లినిక్ మొదలైంది. 1915లో కనెక్టికట్ రాష్ట్రం ఆర్నాల్డ్ గెసెల్‌ను స్కూల్ సైకాలజిస్టుగా నియమించింది. ఆ హోదా అందుకున్న తొలి మనిషి ఆయనే.

ఇంతవరకూ మంచి కథే. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే 1905లో పరీక్ష తయారుచేసింది, బడిలో సాయం అవసరమైన పిల్లల్ని కనిపెట్టడానికి. అమెరికాలో 1916లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన టెర్మన్ దాన్ని మార్చి ప్రచారంలోకి తెచ్చాక, అది పిల్లల్ని వేరుచేసే పనిముట్టయింది. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, మార్కులు రాలేదని మందబుద్ధుల తరగతిలో కూర్చోబెట్టారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వారిలో ఎక్కువమంది ఆ తరగతిలో ఉండాల్సినవాళ్లే కాదని తేలింది. డయానా కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యం 1970లో రాజీతో ముగిసింది. నల్లజాతి పిల్లల తరఫున నడిచిన లారీ పి. కేసులో 1979లో జడ్జి పెక్‌హామ్, వాళ్లను అలాంటి తరగతులకు పంపడానికి ఐక్యూ పరీక్షలు వాడొద్దన్నాడు.

ఆ రెండు కేసుల మధ్యలోనే, 1975లో, వైకల్యమున్న ప్రతి బిడ్డకూ ఉచితంగా తగిన చదువు చెప్పాలన్న చట్టం వచ్చింది. వీలైనంతవరకు బిడ్డ భాషలోనే పరీక్షించాలి, ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు అని కూడా అది చెప్పింది. ఆ చట్టంతో స్కూల్ సైకాలజిస్టుల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఈ వృత్తివాళ్ల జాతీయ సంఘం అంతకు ముందే, 1969లో, సెయింట్ లూయిస్‌లో పుట్టింది. ఇవాళ ఆ సంఘం ప్రమాణాల ప్రకారం స్పెషలిస్టు స్థాయి చదువంటే కనీసం 60 క్రెడిట్లు, 1,200 గంటల ఇంటర్న్‌షిప్. అందులో 600 గంటలు బడిలోనే గడపాలి. తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పిల్లవాణ్ణి గమనించడం, టీచరుతో, తల్లితో మాట్లాడడం, ఆ తర్వాతే పరీక్ష పెట్టె తెరవడం. నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ గంటలే.

మనకూ చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో, చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడని అభ్యసన లోపం కూడా ఒకటి. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లవాడు వెనకబడితే, "వీడి బుర్రకెక్కదండీ" అనేస్తాం. వాడికి కళ్లు సరిగా కనిపిస్తున్నాయా, చెవులు వినిపిస్తున్నాయా, అదే పాఠం తెలుగులో చెబితే అర్థమవుతోందా అని ముందు చూడాలి. ఆ మూడూ చూడ్డానికి తణుకు టీచర్లు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. ఆ తర్వాతి పనికి మాత్రం శిక్షణ పొందినవాళ్లు కావాలి. మన విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ ఎమ్మే చదివే పిల్లల్ని ఒక ఏడాది జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఉంచి, తెలుగులోనే ఈ పని నేర్పాలని నా గట్టి కోరిక.