పట్టాలో అమ్మ పేరు

మన పెద్దలు వీలునామాలు రాయలేదు. ముసలివాళ్లను చూసుకోవడం, భూమి పంచుకోవడం రెండూ ఆచారం ప్రకారమే నడిచాయి. 1956 హిందూ వారసత్వ చట్టం కూడా షెడ్యూల్డ్ తెగలను పక్కన ఉంచింది. 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. కానీ ఇంట్లో ఆడవాళ్ల వాటా సంగతి తేల్చలేదు.

2006 అటవీ హక్కుల చట్టం మరో అడుగు వేసింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంది. ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు వాళ్లకూ సమాన వాటా ఉందని సుప్రీంకోర్టు చెప్పింది.

భర్త పోయాక అమ్మ ఎవరి దయ మీదా బతకకూడదు. మీ ఇంటి పట్టా తీసి చూడండి, అమ్మ పేరు ఉందా?