వెనక బండిని ఆపేదెవరు?

మొన్న ఆదివారం సంఘం మీటింగు అయ్యాక, అమెరికాలో ఉంటున్న మన క్యాంపు కుర్రాడొకడు వీడియో కాల్‌లో పలకరించాడు. కారు వెనక తగిలించుకుని తిరిగే ఇల్లులాంటి బండి ఒకటి పాతది కొన్నాడట. ట్రావెల్ ట్రైలర్ అంటారు. కొనగానే పరుపులు మార్చలేదు, టీవీ పెట్టలేదు. ముందు బ్రేకులు మార్చాడు. "లాగడానికి ఇంజనుంది బాబాయ్, ఆపడానికి ఏముంది?" అన్నాడు. ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఎందుకో చివర చెబుతాం. ముందు ఆ బ్రేకు చరిత్ర కాస్త చెప్పుకుందాం.

ఈ చిక్కు కొత్తది కాదు. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక, కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి ఇటు వచ్చిన మన పెద్దలకు ఇది ఎడ్లబండి నాడే తెలుసు. పల్లంలో దిగేటప్పుడు బరువంతా ఎడ్ల మెడ మీదికి తోసుకొస్తుంది. లాగే జీవానికి ఎంత సత్తువ ఉన్నా, వెనక నుంచి తోసే బరువు దగ్గర అది చాలదు.

రైళ్లకూ ఇదే బాధ. అమెరికాలో ఒకప్పుడు ఏ పెట్టె బ్రేకు దానికే. ఇంజను కూత వేస్తే మనుషులు పెట్టెల కప్పుల మీద పరుగెడుతూ ఒక్కో చక్రం తిప్పి బిగించాలి. జారిపడి పోయినవాళ్లు ఎందరో. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంజను నుంచి గొట్టంలో గాలి పంపితే అన్ని పెట్టెలకూ ఒకేసారి బ్రేకు పడుతుంది. కానీ గొట్టం తెగితే బ్రేకే ఉండదు. 1872 నాటికి ఆయన దాన్ని తిరగేశాడు. గొట్టంలో ఎప్పుడూ గాలి నిండి ఉంటుంది, ఆ గాలి పోతే బ్రేకు పడుతుంది. లింకు ఊడినా వెనక పెట్టెలు వాటంతటవే ఆగుతాయి. 1893లో అక్కడి ప్రభుత్వం రైళ్లకు ఇలాంటి బ్రేకు ఉండాలని చట్టం చేసింది.

రోడ్డు మీదికి వస్తే, 1920ల్లో అమెరికావాళ్లు కార్ల వెనక బండ్లు కట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. కారు బ్రేకు నూనెను వెనక బండికి పంపుదామంటే, విప్పి తగిలించిన ప్రతిసారీ నూనె కారుతుంది, గొట్టంలోకి గాలి చొరబడుతుంది. కరెంటు తీగకు ఆ బాధ లేదు, ప్లగ్గు పెడితే చాలు. విస్కాన్సిన్‌కు చెందిన ఆర్థర్ వార్నర్ అప్పటికే కార్ల స్పీడోమీటరుతో పేరు తెచ్చుకున్నవాడు. 1920ల చివర్లో కరెంటు బ్రేకుల తయారీకి దిగాడు. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ నలుగురు పడుకునే 'క్లిప్పర్' బండి తెచ్చేనాటికి ఇంటినే వెంట తీసుకెళ్లడం అక్కడ మామూలైపోతోంది.

ఆ బ్రేకు పనిచేసే తీరు సులువు. చక్రం డ్రమ్ములో చేతి కర్రలాంటి దాని చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే అది తిరిగే డ్రమ్ముకు అంటుకుంటుంది. డ్రమ్ము దాన్ని తనతో ఈడ్చుకుపోతుంది, ఆ ఈడ్పుకి కర్ర తిరిగి బ్రేకు షూలను విప్పుతుంది. అంటే బండి పరుగే బండిని ఆపుతుంది. కరెంటు ఎంతిస్తే పట్టు అంత.

ఆ 'ఎంత' అన్నదాని మీదే తర్వాతి చరిత్ర అంతా నడిచింది. మొదట కారు బ్రేకు గొట్టానికే తగిలించిన కంట్రోలర్లు ఉండేవి. తర్వాత పెడలు నొక్కినప్పటి నుంచి కరెంటు మెల్లగా పెంచే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. ఆ తర్వాత కారు ఎంత గట్టిగా ఆగుతోందో పసిగట్టి అంతే పట్టు ఇచ్చేవి వచ్చాయి. 2005 మోడల్ పెద్ద పికప్పుల్లో ఫోర్డ్ దాన్ని ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చింది.

మనవాడు మార్చింది ఇవే. ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది, నాలుగు చక్రాలకు 12. సన్న తీగలో, తుప్పు పట్టిన ఎర్తులో దారిలోనే కరెంటు నష్టపోతుంది. అందుకే లావు తీగ వేశాడు, అరిగిన అయస్కాంతాలు తీసేశాడు, షూలు వాటంతటవే సర్దుకునే రకం పెట్టాడు. ఇంకోటి, బండి మీదే ఒక బ్యాటరీ, కారుకు కట్టిన సన్న తాడు. కొక్కెం ఊడితే తాడు పిన్ను లాగేస్తుంది, బ్యాటరీ బ్రేకు వేస్తుంది. వెస్టింగ్‌హౌస్ ఆలోచన లాంటిదే, కానీ ఒక తేడా ఉంది. ఆ బ్యాటరీ చచ్చి ఉంటే పిన్ను ఊడినా ప్రయోజనం లేదు. చూసుకునే మనిషి కావాలి.

ఇక మన సంగతి. మనలో చాలామంది ట్రాక్టర్లకు బ్రేకులు వెనక రెండు చక్రాలకే. వాటి వెనక వడ్ల బస్తాల ట్రక్కు, దానికి బ్రేకే ఉండదు, ఉన్నా పనిచెయ్యదు. చాలా ఏళ్ల కిందట కోతల రోజుల్లో, కాలువ గట్టు దిగుతుంటే ట్రక్కు తోసుకొచ్చి ట్రాక్టరు అడ్డం తిరిగింది. తోలుతున్న మన పిల్లాడికి ఇరవై రెండేళ్లు. ఆ రోజు మనమంతా వెళ్లాం, ఏడ్చాం, సంతాప సభ పెట్టాం. స్పీడుగా తోలాడన్నాం, రాత అన్నాం. ట్రక్కుకు బ్రేకు ఉందా అని ఒక్కరమూ అడగలేదు. అదే ట్రక్కుకు పెయింటు వేసి మరుసటి పంటకు మళ్లీ వాడాం.

అమెరికా బండి బ్రేకు తెచ్చి మన ట్రక్కుకు పెట్టమని చెప్పడం లేదు. ట్రాక్టరు పెడలుతో కలిపి నూనె ఒత్తిడితో పనిచేసే ట్రక్కు బ్రేకులు ఉన్నాయి. వాటి ఖర్చు కనుక్కుని వచ్చే మీటింగులో పెడతాం. ఈలోగా కోతలకు ముందు ఒక ఆదివారం అందరం ట్రక్కులు సంఘం దగ్గరికి తెద్దాం. పిన్ను, గొలుసు, బ్రేకు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ఈ నాలుగూ చూద్దాం. బాగాలేనిది బాగయ్యేదాకా బస్తాలు ఎత్తొద్దు.

ఆ పిల్లాడి అమ్మ ఇప్పటికీ మన వీధిలోనే ఉంది. ఆ ఆదివారం మొదటి ట్రక్కు చూసేటప్పుడు ఆవిడను కూడా పిలుద్దామనుకుంటున్నాం.