దేశాభిమానము – విద్యార్జన : 1938 నాటి తెలంగాణ విద్యార్థులు

దేశసేవ చేయవలెనను ఆశ యువకుని చదువునకు పురికొల్పునా, లేక చదువునుండి మరలించునా? ఉద్యమచరిత్రలు వ్రాసినవారు విద్యార్థులు బడి విడిచిన ఘట్టములను విపులముగా వర్ణించిరి గాని, బడి విడువక పోరాడినవారిని గూర్చి తక్కువగా వ్రాసిరి. ఈ రెండవ తెగవారిని మేము ఖమ్మము మన్యపు సరిహద్దునుండి పరిశీలింపదలచితిమి.

ఏన్కూరు ఖమ్మమునకు తూర్పున, అడవి అంచున నున్న గ్రామము. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము వరంగల్లు జిల్లాలోనిది. 1948 వరకు నిజాము ఏలుబడిలోనిది. గోదావరి ఆవలి భద్రాచలము తాలూకా ఇంగ్లీషు పాలనలోని మద్రాసు రాజధానికి చెందియుండి, 1959లో గాని ఖమ్మము జిల్లాలో కలియలేదు. రెండు వైపులను తెలుగే. చదువు మాత్రము వేరు. ఇవతలి బాలుడు పై తరగతులకు పోయినకొలది ఉర్దూలోనే చదువవలెను. ఆ చదువునకు గ్రామమెరిగిన ప్రయోజనము సర్కారు నౌకరీ. నౌకరీ ఇచ్చు ప్రభుత్వమునే ధిక్కరింపదలచిన యువకుడు ఇక దేనికొరకు చదువవలెను?

ఈ చిక్కు కోస్తాలో 1907లోనే పుట్టినది. బిపిన్‌చంద్రపాలుని రాజమహేంద్రవరోపన్యాసముల పిమ్మట, వందేమాతర నినాదమును చేపట్టిన విద్యార్థులను అచటి ప్రభుత్వ శిక్షణకళాశాల శిక్షించెను. బహిష్కృతుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు సర్కారు కొలువునకు దూరమై, పత్రికారచనకును, కారాగారమునకును, తరువాత గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తన జీవితమును అర్పించెను. 1921 నాటి సహాయనిరాకరణోద్యమమునందు పాఠశాలలు విడుచుటయే దేశభక్తి యనిపించుకొనెను.

1938లో కథ వేరు విధముగా నడచినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. దేశభాషలో ఉన్నతవిద్య గరపుట సాహసమే; కాని ఆ భాష రాష్ట్రములోని అధికసంఖ్యాకుల మాతృభాష కాదు. అందు తెలుగుశాఖలో రాయప్రోలు సుబ్బారావువంటి దేశాభిమాన కవి ఆచార్యుడై యుండెననుట ఆనాటి వైచిత్ర్యములలో నొకటి. వసతిగృహముల ప్రార్థనలలో విద్యార్థులు వందేమాతరము పాడగా అధికారులు నిషేధించిరి. సమ్మె జరిగెను, వరంగల్లు కళాశాలకును వ్యాపించెను. వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి.

వీరిలో చాలమంది ఏమి చేసిరో గమనింపవలెను. ఉద్యమములో నిలిచి చెరసాలకు పోయినవారు గలరు. కారాగారమునను వందేమాతరమని నినదించి దెబ్బలు తినిన రామచంద్రరావునకు ఆ నినాదమే ఇంటిపేరైనది. కాని అనేకులు నాగపురమునకు పోయిరి. అచటి విశ్వవిద్యాలయము వీరిని చేర్చుకొనెను. ఊరు కొత్తది, వీధిలో మరాఠీ. ఉర్దూలో నేర్చిన శాస్త్రములను ఇంగ్లీషులో మరల చదువవలెను. ఇంటికి మరలి సేద్యము చూచుకొనినను వీరిని పిరికివారనువారు లేరు. అయినను చదువు మానలేదు. శిక్షగా తీసికొనబడిన చదువును వేరొకచోట సాధించుటయే వీరికి ప్రభుత్వమునకిచ్చు ప్రత్యుత్తరమైనదని మా అభిప్రాయము. ఉద్యోగాశయే ప్రేరకమైనచో వీరు పాట మానియుందురు; ఉద్రేకమే ప్రేరకమైనచో చదువు మానియుందురు.

పాములపర్తి వేంకట నరసింహారావు వీరిలో నొకడు. అప్పటికి ఆయనకు పదునేడేండ్లు. వరంగల్లునుండి బహిష్కృతుడై నాగపురమునకు పోయి, పుణ్యపత్తనమున ఫెర్గుసన్ కళాశాలలో విజ్ఞానశాస్త్రమును, మరల నాగపురమున న్యాయశాస్త్రమును చదివెను. ఆయన ప్రధానమంత్రి యగుట అందరెరిగినదే. తెలుగువారమైన మనకు అంతకంటె ఆసక్తికరమైనది, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబలజీవితము’గా తెనిగించుట, ‘వేయిపడగల’ను హిందీలోనికి మార్చుట. బహిష్కారము త్రోసిన దిక్కుననే ఒక భాషాసేవకు దారి దొరకినది.

నాగపురమునకు తెలుగు విద్యార్థి పోవుట అదియే మొదలు కాదు. కొమర్రాజు లక్ష్మణరావు అచట చదివి, మరాఠీలోను రచనలు చేసి, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయ స్థాపనలోను, 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపనలోను ముఖ్యపాత్ర వహించెను. పైని చెప్పిన హరిసర్వోత్తమరావు ఆ మండలికి అబ్రహాము లింకను చరిత్రమును వ్రాసియిచ్చెను. దేశమునకై చదువుట అనగా తన భాషలో ఇతరులకు చదువు సమకూర్చుట యని వీరి తలంపు.

అయితే నాగపురపు ప్రయాణమునకు రైలుఖర్చు కావలెను, ఇంట ఆ ఖర్చు భరించు భూమి కావలెను. అంతకుముందు ఉన్నతపాఠశాల చేరువలో నుండవలెను. చినగూడూరున పుట్టిన దాశరథి కృష్ణమాచార్యుడు మెట్రిక్యులేషనునకు ఖమ్మము వచ్చెను. ఏన్కూరు అడవులలోని కోయబాలునకు ఖమ్మమే దూరదేశము. అతనికి పాటను నిషేధింపవలసిన పనియే ప్రభుత్వమునకు కలుగలేదు. గిరిజనులకు వారి భాషలో చదువు చెప్పు ప్రయత్నము నిజాము రాష్ట్రమున 1943లో హైమెండార్ఫ్ పర్యవేక్షణ క్రింద ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో, గోండుల నడుమ, ఆరంభమైనది; అచట మొదటి పని గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయుట.