కనిపించని నక్క కోసం పరుగు

1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలై నాయకులంతా జైళ్ళ పాలైనప్పుడు, బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా ‘కాంగ్రెస్ రేడియో’ నడిపారు. పత్రికలు అచ్చువేయలేని వార్తలు 42.34 మీటర్ల బ్యాండుపై జనానికి చేరేవి. ప్రసారం ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టడానికి పోలీసు వ్యాన్లు నగరంలో తిరిగేవి. అందుకే ట్రాన్స్‌మిటరును ఒక ఇంటినుంచి మరో ఇంటికి మారుస్తూ ఉండేవారు. నవంబరు 12న వారు పట్టుబడ్డారు. తమను పట్టించింది ఒక టెక్నీషియన్ అని ఉషా మెహతా తరవాత చెప్పారు. ఆమెకు నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది.

ఆ వ్యాన్లు నమ్ముకున్న విద్య పేరు రేడియో దిశాన్వేషణ. ఒకనాడు మనుషుల్ని వేటాడిన ఆ విద్య అంతర్జాతీయ క్రీడగా ఎలా మారింది?

తరంగం దిక్కు ఎలా చెబుతుంది?

తీగచుట్టను తిప్పితే అందులో పుట్టే నిప్పురవ్వ బలం మారుతుందని 1880ల చివర హెర్ట్జ్ తన ప్రయోగాల్లోనే గమనించాడు. నిలువుగా పట్టుకున్న తీగచుట్ట అంచు ట్రాన్స్‌మిటరు వైపు ఉంటే సంకేతం గట్టిగా వినిపిస్తుంది. చుట్ట ముఖం అటు తిరిగితే రెండు పక్కలా పుట్టే వోల్టేజీలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. శబ్దం దాదాపు ఆగిపోతుంది. గట్టిగా వినిపించే స్థానం కన్నా ఈ మౌనస్థానమే దిక్కును కచ్చితంగా చెబుతుంది.

అయితే ఒక చిక్కుంది. మూలం ముందుందా, వెనకుందా అన్నది చుట్ట ఒక్కటే చెప్పలేదు. పక్కనే ఒక నిలువు కడ్డీ ఏరియల్‌ను కలిపితే ఆ సందేహం తీరుతుంది. వేర్వేరు చోట్లనుంచి తీసిన రెండు దిక్కులను మ్యాపు మీద గీస్తే, గీతలు కలిసేచోట మూలం ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం ఈ పద్ధతిలోనే తీరకేంద్రాలనుంచి జర్మన్ నౌకల జాడ తీసింది.

యుద్ధంనుంచి ఆటకు

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఉత్తర, తూర్పు యూరప్ దేశాల్లో హామ్ రేడియో క్లబ్బులు ఈ విద్యను యువకులకు ఆటగా నేర్పాయి. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో పౌర రక్షణకు ఇది పనికొస్తుందన్న ఆలోచన కూడా దాని వెనక ఉంది. సొంత కార్లు అరుదు కనుక వేట కాలినడకన, అడవుల్లో సాగింది. దాచిన ట్రాన్స్‌మిటరును ‘నక్క’ అన్నారు. ఆటకు ‘ఫాక్స్ హంటింగ్’ అన్న పేరు అలా వచ్చింది. 1961లో స్టాక్‌హోంలో తొలి యూరోపియన్ చాంపియన్‌షిప్, 1980లో పోలెండులోని చెత్‌నియెవోలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగాయి.

సంప్రదాయ పోటీలో అడవిలో ఐదు ట్రాన్స్‌మిటర్లు దాస్తారు. బ్యాండ్లు రెండు: 3.5 మెగాహెర్ట్జ్, 144 మెగాహెర్ట్జ్. ఐదూ ఒకే పౌనఃపున్యం మీద, వంతులవారీగా ఒక్కొక్క నిమిషం మోర్స్ సంకేతం పంపుతాయి. ‘ఎంఓ’ అక్షరాల తరవాత మొదటిది ఒక చుక్క, రెండోది రెండు, ఐదోది ఐదు చుక్కలు పంపుతుంది. మోర్స్ రాకపోయినా చుక్కలు లెక్కపెడితే చాలు.

క్రీడాకారుల చేతిలో రిసీవరు, ఏంటెన్నా, మ్యాపు, కంపాసు ఉంటాయి. ఎక్కువ నక్కలను పట్టినవారిది పైచేయి. సంఖ్య సమానమైతే తక్కువ సమయం తీసుకున్నవారు గెలుస్తారు. గడువు దాటితే ఆ శ్రమంతా వృథా!

కాళ్ళ బలం ఒక్కటే ఇక్కడ చాలదు. ఐదు నక్కలను 120 వరసల్లో పట్టవచ్చు. ఏ వరసలో వెళ్ళాలో పరుగెత్తుతూనే తేల్చుకోవాలి. నక్క వంద మీటర్ల దూరంలో ఉండగా దాని నిమిషం ముగిసిందనుకోండి. నాలుగు నిమిషాలు ఆగాలా, చివర విన్న దిక్కును నమ్మి పొదల్లోకి దూరాలా? 144 మెగాహెర్ట్జ్ తరంగాలైతే కొండరాళ్ళకు తగిలి పరావర్తనం చెంది తప్పుదారి కూడా పట్టిస్తాయి.

మన దేశంలో

మన హామ్ క్లబ్బులు కూడా ఫాక్స్ హంటింగ్ పోటీలు నిర్వహిస్తుంటాయి. హామ్ రేడియో శిక్షణ కోసం 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. ఈ నైపుణ్యం ఆటతోనే ఆగదు. కూలిన విమానంలోని బీకన్ 121.5 మెగాహెర్ట్జ్ మీద పంపే సంకేతాన్ని పట్టుకుని గాలింపు బృందాలు చివరి కొన్ని కిలోమీటర్లు దాటేదీ ఇలాగే.

ఇంట్లో పాత ట్రాన్సిస్టరు ఉంటే మీరూ ప్రయత్నించండి. మీడియం వేవ్‌లో ఏదైనా స్టేషను పెట్టి, సెట్టును బల్లమీద మెల్లగా చుట్టూ తిప్పండి. ఒకచోట శబ్దం బాగా తగ్గుతుంది. లోపలి ఫెర్రైట్ కడ్డీ అప్పుడు స్టేషను ఉన్న రేఖను చూపిస్తున్నట్లే. ఊళ్ళో మరోచోట నుంచి ఇంకో రేఖ తీయండి. రెండూ మ్యాపు మీద ఎక్కడ కలుస్తాయో చూడండి.