హైదరాబాద్‌ నుంచి షికాగోకు దూరమెంత? సమయమెంత?

కరీంనగర్‌: అమెరికాలోని పిల్లల వద్దకు తొలిసారి బయలుదేరే తల్లిదండ్రులను దూరం కన్నా తేదీల లెక్కే ఎక్కువగా తికమకపెడుతుంది. సోమవారం వేకువజామున శంషాబాద్‌లో విమానమెక్కితే, అదే సోమవారం సాయంత్రం షికాగోలో దిగుతున్నట్లు టికెట్‌పై ఉంటుంది. నిజానికి నడుమ గడిచేది దాదాపు ఒక పూర్తి రోజు.

దగ్గరి దారి
శంషాబాద్‌ నుంచి షికాగోలోని ఓహేర్‌ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 13,300 కి.మీ. గోడపటంలో షికాగో పడమటి దిక్కున కనిపించినా, ఈ దారి దాదాపు ఉత్తరంగా సాగి ఆర్కిటిక్‌ ప్రాంతం మీదుగా అమెరికా ఖండంలోకి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉండటమే ఇందుకు కారణం. గంటకు 900 కి.మీ. వేగంతో ఈ దూరానికి 15 గంటలు చాలు. అయితే ఎదురుగాలులు, గగనతల ఆంక్షల వల్ల విమానాలు చుట్టు తిరగవలసి వస్తుంది. ఎయిర్‌ ఇండియా 2021 జనవరిలో ఈ నగరాల మధ్య నేరుగా విమానం ప్రారంభించినా, ఆ సర్వీసు తరువాత నిలిచిపోయింది.

దుబాయ్‌ మీదుగా
దుబాయ్‌ వరకు సుమారు 2,550 కి.మీ., అక్కడి నుంచి షికాగోకు సుమారు 11,640 కి.మీ. మొత్తం దాదాపు 14,200 కి.మీ. మొదటి విమానంలో నాలుగు గంటలు, రెండో విమానంలో 15 నుంచి 16 గంటలు పడుతుంది. మధ్యలో నిరీక్షణ కలిపితే 22 నుంచి 28 గంటలు. దీనికి కరీంనగర్‌ నుంచి శంషాబాద్‌ వరకు రోడ్డు ప్రయాణాన్ని, మూడు గంటల ముందే విమానాశ్రయానికి చేరవలసిన సమయాన్ని అదనంగా లెక్కించుకోవాలి.

గడియారం లెక్క
టికెట్‌పై ముద్రించే వేళలన్నీ ఆయా నగరాల స్థానిక కాలమానం ప్రకారమే ఉంటాయి. షికాగో మనకన్నా శీతాకాలంలో 11.30 గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు 10.30 గంటలు వెనుక ఉంటుంది.

ప్రయాణికులు గమనించవలసినవి
గంటల తరబడి కదలక కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడు లేచి నడవాలి, తగినంత నీరు తాగాలి. మందులు, వైద్యుని చీటీ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మధుమేహులు ఇన్సులిన్‌ వేళల మార్పుపై ముందుగానే వైద్యుని సలహా పొందాలి.

తిరుగు ప్రయాణం
వచ్చేటప్పుడు లెక్క తారుమారవుతుంది. శీతాకాలంలో సోమవారం రాత్రి 8 గంటలకు షికాగోలో బయలుదేరిన వ్యక్తి 24 గంటలు ప్రయాణిస్తే, శంషాబాద్‌లో దిగేసరికి బుధవారం ఉదయం 7.30 అవుతుంది. తనిఖీలు ముగించుకుని కరీంనగర్‌ చేరేసరికి మధ్యాహ్నం దాటవచ్చు. టికెట్‌ వెంటనే దొరికినా పరిస్థితి ఇదే. కన్నవారి కడసారి చూపునకు బిడ్డలు బయలుదేరారని తెలిసినప్పుడు, అంత్యక్రియల వేళను ఈ లెక్క చూసుకునే నిర్ణయించుకోవడం మేలు.