చీవరానికి రంగు, చేతికి గౌరవం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు నాగపూర్ దూరమైన ఊరు కాదు. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడ ధమ్మదీక్ష స్వీకరించినప్పుడు, లక్షలాది జనం తెల్లని వస్త్రాలలో ఆయన వెంట నడిచారు. తెలుపు ఉపాసకుల వస్త్రం; కాషాయం భిక్షువుల వస్త్రం. ఆ కాషాయం ఏ విధంగా తయారయ్యేదో మనలో తలచినవారు తక్కువ.

వినయపిటకంలోని మహావగ్గం ఈ సంగతి చెప్పుచున్నది. తొలినాళ్లలో భిక్షువులు పేడతోను, పసుపుపచ్చని మట్టితోను చీవరాలకు రంగు వేసుకున్నారు. అవి చూడరాని రంగు తేలాయి. అప్పుడు బుద్ధ భగవానుడు వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయ అనే ఆరింటి రంగులను అనుమతించాడు. కాచని రంగు దుర్వాసన వేయగా, కాచుకొమ్మన్నాడు. కాగినదో లేదో తెలియుటకు ఒక చుక్కను నీటిలోనో గోటిమీదనో వేసి చూడుమన్నాడు. వాడిన పూలు ఊడ్చిన సునీతుడు, శాక్య కుమారుడైన ఆనందుడు ఇట్టి చీవరాన్నే ధరించారు.

కాషాయమనే మాట కషాయం నుండి పుట్టినది. కషాయమంటే కాచిన రసం. వగరు రుచి కూడా. అద్దకంలో ఆ వగరుకు పెద్ద పని ఉన్నది.

మహావగ్గం రంగుగా నిరాకరించిన పేడకు మన కళంకారీలో వేరొక పని దొరికినది. శ్రీకాళహస్తిలో ముతక బట్టను పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ రసంలో, గేదెపాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు రంగును పాకనీయదు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన కసిమి, కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు నిలుస్తుంది. మనకు పొరుగున, బస్తరు సరిహద్దులోని కోట్‌పాడ్‌లో నూలును ఆముదం, పేడ, కట్టెబూడిదలతో సిద్ధపరచి, ఆల్ వేరుతో ఎరుపు అద్దుతారు.

శ్రీకాళహస్తి వస్త్రాలు గుడులలో తెరలుగా వేలాడినవి. పేడ ఎత్తే చేతిని చిన్నచూపు చూచిన సమాజం, పేడనీటిలో తేరిన వస్త్రాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నది. ఈ అన్యాయం మన పెద్దలు అనుభవించినదే.

రంగు పైపూత కాదు. బట్టను ముందుగా శుభ్రపరచి, వగరు పట్టించి, పటిక అద్దినప్పుడే అది ఉతుకులకు తట్టుకొని నిలుస్తుంది. దీక్ష కూడా అట్టిదే. ఇంటిలో, వీధిలో, పనిచోట మన నడవడి మారినప్పుడే ధమ్మం మనలో నిలుస్తుంది. భిక్షువు తన చీవరాన్ని తానే ఉతికి అద్దుకొనడం చిన్నతనం కానప్పుడు, చేతిపని చేసే ఏ మనిషినీ చిన్నగా చూచే హక్కు మనకు లేదు. దీనిని మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.