టాపెట్ల చప్పుడును మాన్పిన నూనె

వీథిలో మోటారుసైకిలు నిలిచియుండి ఇంజను ఆడుచున్నప్పుడు పెద్ద శబ్దము మాటున టిక్కు టిక్కుమను సన్నని చప్పుడొకటి వినవచ్చుచుండును. అదే సమయమున ఇంటిలోని రేడియోలో చిటపటలు వినిపించిన యెడల అవి స్పార్కు ప్లగ్గు వలన కలిగినవి; వానితో ఇప్పుడు మాకు పని లేదు. ఈ టిక్కు టిక్కు లోహము లోహమును తట్టుట వలన పుట్టును. మెకానిక్కులు దీనిని టాపెట్ల చప్పుడందురు. దానిని మాన్పుటకై నూనెను పనికి పెట్టిన వృత్తాంతమును ముచ్చటింతుము.

ఇంజనులోని క్యామ్ తిరుగుచు టాపెట్టును పైకి నెట్టును. టాపెట్టు పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకరును, రాకరు వాల్వును కదల్చును. వేడికి లోహములు సాగును. అన్నియు ఒకే పాటిగ సాగవు. కావున ఈ వరుసలో బిగువు మితిమీరిన వాల్వు పూర్తిగా మూసికొనదు. మండుచున్న వాయువు దాని అంచును కాల్చివేయును. వదులు మితిమీరిన చప్పుడును, అరుగుదలయును తప్పవు. అందుచే బండి గలవాడు అప్పుడప్పుడు పానా పట్టుకొని కూర్చుండవలసి వచ్చెడిది.

అమెరికాలో కాడిలాక్ సంస్థ 1930లో వెలువరించిన పదునారు సిలిండర్ల కారులో, నూనె ఒత్తిడిచే ఈ వదులు తనంతట తానే సర్దుకొను ఏర్పాటు ఉండెను. తరువాత వ్యాప్తికి వచ్చిన హైడ్రాలిక్ లిఫ్టరు అమరిక మిక్కిలి సులభమైనది. ఒక చిన్న గొట్టము, దానిలో జారెడు ప్లంజరు, క్రింద ఒక స్ప్రింగు, నూనెను లోనికి మాత్రమే పోనిచ్చు గుండు. వాల్వు మూసియున్నప్పుడు స్ప్రింగు ప్లంజరును పైకెత్తి వదులును తీసివేయును; ఖాళీలోనికి నూనె చేరును. క్యామ్ నెట్టగానే గుండు దారి మూయును. చిక్కుకొన్న నూనె అణగదు గనుక లిఫ్టరు గట్టి ఇనుపకడ్డీవలె పనిచేయును. ప్లంజరు అంచున రవ్వంత నూనె కారుటచే బిగువు సైతము సర్దుకొనును.

మిల్వాకీ నగరపు హార్లీ-డేవిడ్‌సన్ సంస్థ దీనిని 1948 నాటి తన పెద్ద ఇంజనులో చేర్చెను. అంతకు ముందు, 1936 నాటి ఇంజనుకు ఇనుప తలలుండెను. కొత్తదానికి అల్యూమినియము తలలు పెట్టిరి. అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు సాగును గనుక లిఫ్టరు అవసరమయ్యెను. పైమూతలు బోర్లించిన పెనములవలె నుండుటచే దీనికి పాన్‌హెడ్ అను పేరు వచ్చినది. కాని రూపకర్తలు లిఫ్టరును పుష్‌రాడ్ పైకొనయందు ఉంచిరి. నూనె పంపు క్రింద, నూనె చేరవలసిన చోటు పైన! అంత ఎత్తునకు నూనె సరిగా అందక, మాన్పదలచిన చప్పుడే మరల వినవచ్చెను. 1953లో లిఫ్టరును క్రిందికి, క్యామ్ చెంతకు దింపిరి. ఇదియే సరియైన చోటని మా అభిప్రాయము. నూనెకు దూరము తగ్గినది, పైభాగమున బరువు తగ్గినది. అయినను నమ్మకము కుదరక, లిఫ్టర్లను తీసివేసి కదలని గట్టి టాపెట్లను పెట్టించుకొన్న వారును ఉండిరి.

లిఫ్టరు చిరంజీవి కాదు. ఇంజను రాజేసిన కొన్ని క్షణములు టిక్కుమని ఊరకుండిన భయము లేదు. వేడెక్కిన పిమ్మటను మానకున్న విచారింపవలెను. అంతకంటె ప్రమాదము క్యామ్‌పై దొర్లెడు రోలరుది. దానిలోని సూదులవంటి బేరింగులు సడలి రాలినచో ఇంజను అంతటను తిరిగి పంపును, క్యామ్‌ను చెరచును. పది రూపాయల భాగమును ఉపేక్షించి నూరు రూపాయల భాగమును పోగొట్టుకొనుట అనగా ఇదియే. కనుక క్యామ్ అరిగి మార్చునప్పుడు లిఫ్టర్లను గూడ మార్చుట, నూనె జల్లెడను శుభ్రము చేయుట అనుభవజ్ఞుల పద్ధతి.

1984లో వచ్చిన ఎవల్యూషన్ ఇంజనులో పుష్‌రాడ్‌ల పొడవును మార్చు వీలు లేకుండెను. వానిని తీయవలెనన్న పైన రాకరు పెట్టెను విప్పవలెను. ఈ శ్రమకు ఓర్వక కొందరు పాత పుష్‌రాడ్‌లను పెద్ద కత్తెరతో తునిమి, మరతో పొడవు సర్దుకొనెడు కొత్తవానిని పెట్టుదురు. ఇది మోటుగ తోచినను, చక్కని ఉపాయమే. అయితే సర్దిన పిదప తొందరపడరాదు. కొత్త లిఫ్టరులోని నూనె మెల్లగా కారి, పుష్‌రాడ్ వ్రేళ్లతో తిరుగునంతవరకు ఇంజనును త్రిప్పరాదు. త్రిప్పినచో తెరువబడియున్న వాల్వును పిస్టను తాకి, వంచవచ్చును.

వ్రేళ్లతో పుష్‌రాడ్ త్రిప్పి చూచుట మన బుల్లెట్టు మెకానిక్కులకు కొత్త గాదు. 1955లో మద్రాసు మోటార్సు వారు రెడ్డిచ్ నగరపు రాయల్ ఎన్‌ఫీల్డు వారితో కలిసి మద్రాసున ప్రారంభించిన సంస్థ బండిలో, కుడిప్రక్క మూత తీసి, చల్లని ఇంజనులో పుష్‌రాడ్ తేలికగా తిరుగునట్లును, పైకి క్రిందికి ఆడకుండునట్లును సర్దెడివారు. 2008 మొదలు వచ్చిన ఏకఖండపు ఇంజనులో హైడ్రాలిక్ లిఫ్టర్లు చేరి ఆ పని తప్పెను. వింత యేమనగా, 2020లో మీటియర్ బండితో వచ్చిన ఇంజనులో క్యామ్ పైకెక్కినది, పుష్‌రాడ్‌లు పోయినవి, వానితో లిఫ్టర్లును పోయినవి. మర, పానా మరల వచ్చినవి. హార్లీ వారు మాత్రము 2016లో వెలువరించిన మిల్వాకీ-ఎయిట్ ఇంజనులోను పుష్‌రాడ్‌లను, నూనె లిఫ్టర్లను విడువలేదు.